ఎనిమిదేళ్ల బాబుకి ఆస్తమా, ఇంట్లో షిట్జూ: కుక్కని ఇచ్చేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నిజాంపేటలో ఫ్లాట్, బాబుకి ఎనిమిదేళ్లు, నాలుగో ఏడు నుంచి జలుబు చేస్తే చాలు పిల్లికూతలు. పోయినేడాది షిట్జూ కుక్కపిల్లని తెచ్చుకున్నారు, దీని బొచ్చు రాలదు కాబట్టి ఎలర్జీ రాదని అమ్మినవాళ్లు చెప్పారు. ఈ చలికాలం రాత్రిళ్లు దగ్గు బాగా ఎక్కువై రెండుసార్లు నెబులైజేషన్‌కి తీసుకెళ్లాల్సి వచ్చింది. అత్తయ్యగారు కుక్కని పంపించేయమంటున్నారు, ఆ మాట చెవినపడగానే బాబు అన్నం మానేసి కూర్చున్నాడు. పనిలోపనిగా ఇన్‌హేలర్ అలవాటైపోతుందా, ఈ జూన్‌లో చేపమందు వేయించొచ్చా అని కూడా అడిగారు.

నేను ఊపిరితిత్తుల డాక్టర్‌ని, మొదట గుంటూరులో, తర్వాత హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఇలాంటి పిల్లల్నీ పెద్దల్నీ చూస్తున్నాను. ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

కుక్కని ఇవాళే ఎవరికీ ఇచ్చేయక్కర్లేదు. కానీ ఇవాళ రాత్రి నుంచి అది బాబు పడుకునే గదిలో అడుగు పెట్టకూడదు. రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్ రేపట్నుంచి మళ్లీ మొదలవ్వాలి. ఎలర్జీ టెస్ట్ చేయించండి. ఒక మూడు నెలలు మందు సరిగ్గా వాడి, ఇల్లు సర్ది చూడండి. టెస్ట్‌లో కుక్క పాజిటివ్ వచ్చి, ఇంత చేసినా బాబుకి రాత్రిళ్లు నిద్ర లేకపోతే అప్పుడు కుక్క వేరే ఇంటికి వెళ్లాల్సిందే.

ఒక్క మినహాయింపు ఉంది. బాబు ఎప్పుడైనా ఆయాసంతో ఐసీయూ దాకా వెళ్లి ఉంటే, లేదా కుక్కని ముట్టుకున్న కాసేపట్లోనే ప్రతిసారీ ఊపిరాడకపోతుంటే మూడు నెలలు ఆగే పని లేదు, టెస్ట్ వచ్చేదాకా దాన్ని చుట్టాలింట్లో ఉంచండి. మీరు రాసినదాన్నిబట్టి మీది అంత తీవ్రమైన కేసులా లేదు, అయినా చూసే డాక్టర్ ఎదురుగా కూర్చుని ఛాతీ విని చెప్పేదే చివరి మాట.

ఇప్పుడు కారణాలు. మీరు రాసినదాంట్లో నన్ను కంగారుపెట్టింది కుక్క కాదండీ. "ఆయాసం వచ్చినప్పుడు బ్లూ ఇన్‌హేలర్ కొడుతున్నాం, రెండోది అలవాటవుతుందని ఆపేశాం" అన్నారు చూడండి, అదీ. ఆస్తమా అంటే గాలి గొట్టాల లోపలి పొర వాచిపోయి ఉండటం. పైకి దగ్గు లేని రోజు కూడా ఆ వాపు లోపల ఉంటూనే ఉంటుంది, దాని మీద జలుబు పడినా పొగ పడినా కుక్క ఎలర్జెన్ (అంటే ఎలర్జీ తెప్పించే పదార్థం) పడినా గొట్టం బిగుసుకుపోతుంది. బ్లూ ఇన్‌హేలర్‌లో ఉండే సాల్బుటమాల్ ఆ బిగుతుని నాలుగైదు గంటలపాటు వదులు చేస్తుంది, అంతే, వాపుని అది ముట్టుకోదు. వాపు తగ్గించేది మీరు ఆపేసిన ఆ రెండోది, బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్. అది కొట్టిన పూటే హాయిగా అనిపించదు, పనిచేయడానికి రోజులు వారాలు పడుతుంది, అందుకే చాలామంది దీనివల్ల ఉపయోగం లేదనుకుని పక్కన పెట్టేస్తారు. ప్రపంచమంతా డాక్టర్లు చూసుకునే జీనా గైడ్‌లైన్స్‌లో 2019 నుంచే పన్నెండేళ్లు దాటినవాళ్లకి నీలం ఇన్‌హేలర్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని ఉంది. మీ బాబు వయసు పిల్లల్లో కూడా రాత్రి దగ్గు ఇంత తరచుగా ఉంటే రోజువారీ మందు కావాల్సిందే.

అలవాటవ్వడం అనేదేమీ లేదు. స్టెరాయిడ్ కదా అని భయపడతారు, నాకు అర్థమవుతుంది, తల్లిదండ్రులు భయపడటం తప్పు కాదు. కానీ మాత్రలో ఇచ్చే స్టెరాయిడ్ మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఇన్‌హేలర్‌లోది మైక్రోగ్రాముల్లో, అంటే వెయ్యోవంతు లెక్క, అదీ నేరుగా గొట్టాల్లోకి వెళ్తుంది. పిల్లల ఎత్తు మీద కొంచెం ప్రభావం ఉన్నమాట నిజం, ఏళ్ల తరబడి వాడినవాళ్లలో పెద్దయ్యాక సుమారు ఒక సెంటీమీటర్ తేడా కనిపించింది. ఆయాసం వచ్చినప్పుడల్లా స్టెరాయిడ్ సిరప్ తాగించడం దీనికన్నా చాలా ఎక్కువ నష్టం. ఏటా నాలుగైదు కోర్సులు సిరప్ తాగించి "మేం మాత్రం ఇన్‌హేలర్ జోలికి వెళ్లలేదండి" అని నిశ్చింతగా చెప్పే ఇళ్లు నేను చాలా చూశాను, ఆ పిల్లల బుగ్గలు ఉబ్బి ఉంటాయి. ఇంకో మాట, చాలా ఇళ్లలో దీన్ని ఆస్తమా అనరు, నెమ్ము అంటారు, కఫం అంటారు, ఆడపిల్ల అయితే రేపు సంబంధాలకి ఇబ్బందని ఎలర్జిక్ బ్రాంకైటిస్ అని రాయించుకుంటారు. పేరు ఏది పెట్టుకున్నా పర్లేదు గానీ మందు మాత్రం ఆస్తమా మందే వాడండి.

వాడే పద్ధతి ఒకసారి చూసుకోండి, ఎందుకంటే నా దగ్గరికి "మందు పనిచేయట్లేదు" అని వచ్చేవాళ్లలో చాలామందికి మందు లోపలికే వెళ్లట్లేదు. మా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లవాడినీ నా ముందే కొట్టి చూపించమంటాను. మూత తీస్తాడు, ఊపడు, ఇన్‌హేలర్‌కి తగిలించే స్పేసర్ గొట్టంలోకి రెండు పఫ్‌లు ఒకేసారి టక్ టక్ అని కొట్టేస్తాడు, పెదాల పక్కనుంచి తెల్లగా మందు బయటికి వస్తుంటుంది, అమ్మ ముఖం చూస్తూ ఒక్క పీల్పు పీల్చి అయిపోయిందంటాడు. అలా కాదు. ఇన్‌హేలర్‌ని బాగా ఊపి, స్పేసర్ మూతి పళ్ల మధ్య పెట్టి పెదాలు బిగించి, ఒక్క పఫ్, తర్వాత నెమ్మదిగా ఐదారు శ్వాసలు. కొన్ని స్పేసర్లు విజిల్ వేస్తాయి, వేస్తే మరీ గట్టిగా పీలుస్తున్నాడని అర్థం. రెండో పఫ్‌కి మళ్లీ ఊపి మళ్లీ మొదట్నుంచి. అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్ల పూత వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లాడికి మాస్క్ అవసరం లేదు. స్పేసర్‌ని వారానికోసారి గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి, గుడ్డ పెట్టి తుడవకుండా అలాగే ఆరబెట్టండి. ప్లాస్టిక్‌ని తుడిస్తే స్టాటిక్ పుట్టి మందంతా గోడలకే అంటుకుపోతుంది, చాలామందికి ఇది తెలీదు. బ్రష్ చేసుకునే ముందు వాడటం అలవాటు చేస్తే మర్చిపోరు, పుక్కిలించడమూ అయిపోతుంది.

ఇక కుక్క సంగతి. ఎలర్జీ తెప్పించేది బొచ్చు కాదు. కుక్క లాలాజలంలోనూ చర్మం నుంచి రాలే సన్నటి పొట్టులోనూ ఉండే ప్రోటీన్లు, వాటిలో ముఖ్యమైనదాన్ని క్యాన్ ఎఫ్ 1 అంటారు. బొచ్చు రాలినా రాలకపోయినా చర్మం పొట్టు ప్రతి కుక్కకీ రాలుతుంది, ప్రతి కుక్కా ఒళ్లు నాక్కుంటుంది. ఎలర్జీ రాదని పేరున్న జాతుల కుక్కలున్న ఇళ్లలోనూ మామూలు కుక్కలున్న ఇళ్లలోనూ దుమ్ము తీసి అమెరికాలో కొలిచి చూశారు, 2011లో వచ్చింది ఆ స్టడీ, తేడా ఏమీ కనపడలేదు. కాబట్టి షిట్జూ అయినా పూడిల్ అయినా లాబ్రడార్ అయినా మీ బాబు ఊపిరితిత్తులకి ఒకటే, ఇంత డబ్బు పెట్టి కొన్నాం కదా అని ఆ మాట నమ్ముకుని కూర్చోవద్దు. పిల్లి అయితే ఇంకా మొండిది, దాని ఎలర్జెన్ చాలా తేలికగా గాల్లో తేలుతూ ఉంటుంది, బట్టలకి అంటుకుని పిల్లి లేని ఇళ్లకీ క్లాస్‌రూములకీ కూడా చేరిపోతుంది.

కుక్కతో పెరిగితే ఆస్తమా రాదట కదా అని ఎవరో మీకు చెప్పినట్టు రాశారు. ఆ మాటకి ఆధారం ఉంది, స్వీడన్‌లో లక్షలమంది పిల్లల రికార్డులు తీసి చూస్తే పుట్టిన మొదటి ఏడాదిలో ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకి బడి వయసులో ఆస్తమా సుమారు 13 శాతం తక్కువ కనిపించింది, 2015లో అచ్చయింది. కానీ అది పసివాళ్ల సంగతి, ఆస్తమా ఇంకా రానివాళ్ల సంగతి. ఇప్పటికే పిల్లికూతలు ఉన్న పిల్లాడికి కుక్కని తెచ్చి పెడితే తగ్గుతుందని దాని అర్థం కాదు.

మరి మీ ఇంట్లో దోషి కుక్కేనా? అది ఊహించి తేల్చే విషయం కాదు, టెస్ట్ ఉంది. స్కిన్ ప్రిక్ టెస్ట్ అంటే మోచేతి కింద చర్మం మీద వరసగా ఒక్కో ఎలర్జెన్ చుక్క వేసి, సన్న మొనతో పైపైన గుచ్చి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగి దద్దుర్లు ఎంత వచ్చాయో కొలుస్తారు, మామూలుగా మూడు మిల్లీమీటర్లు దాటితే పాజిటివ్. దానికి ముందు ఐదారు రోజులు, కొన్నిటికి వారం, సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మాత్రలు ఆపాలి, ఇన్‌హేలర్ ఆపక్కర్లేదు. ఆయాసం ఉన్న రోజు చేయకూడదు. మాత్రలు ఆపలేనివాళ్లకి రక్తంలో స్పెసిఫిక్ ఐజీఈ, అంటే ఫలానా ఎలర్జెన్ మీద శరీరం తయారుచేసే యాంటీబాడీ, ఎంతుందో చూస్తారు. కుక్క, దుమ్ము పురుగులు, బొద్దింక, బూజు, మీ చుట్టుపక్కల పుప్పొళ్లు, ఇవి చూస్తే చాలు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన అదే కారణం అని కాదు, శరీరం దాన్ని గుర్తుపడుతోందని మాత్రమే. దానికి దగ్గరైనప్పుడు లక్షణాలు వస్తున్నాయా అన్నది మీరు చూసి చెప్పాలి. సెలవులకి ఊరెళ్లినప్పుడు తగ్గిందా? తిరిగొచ్చిన ఎన్ని గంటలకి మొదలైంది? కుక్క ఉన్న హాల్లో ఎక్కువా, పడక ఎక్కాక ఎక్కువా? ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఊపిరి ఎంత వేగంగా వదలగలుగుతున్నాడో కొలిచే పీక్ ఫ్లో మీటర్ కొనుక్కుంటే ఇంకా మంచిది, పొద్దున్నా రాత్రీ ఊదించి అంకె రాసుకోవచ్చు.

గుంటూరులో ఉన్నప్పుడు ఒక పాప వచ్చేది, తెల్లవారుజామున రెండు మూడింటికి దగ్గు తెరలు తెరలుగా వచ్చి లేచి కూర్చునేది. ఇంట్లో పామరేనియన్ ఉంది, దాన్ని అప్పటికే మేనమామ ఇంటికి పంపేశారు, అయినా తగ్గలేదు. పడుకునే గదిని ఫోన్‌లో వీడియో తీసి తెమ్మన్నాను. మంచం గోడకి ఆనించి ఉంది, ఆ గోడకి అవతల బాత్రూమ్, గోడ కింది సగం నల్లగా చెమ్మ, పరుపు పక్కకి తీస్తే వెనక బూజు పట్టేసి ఉంది. పైన బూరుగు దూది దిండు, అమ్మమ్మ కుట్టించిందట, దాని కవర్ మాత్రమే ఉతుకుతారు. పాపకి టెస్ట్‌లో కుక్క నెగటివ్, దుమ్ము పురుగులు బాగా పాజిటివ్. ప్లంబర్‌ని పిలిచి లీకేజీ ఆపించి, మంచం జరిపి, దిండు మార్చి, ఇన్‌హేలర్ సరిగ్గా వాడించాక పాప నిద్రపోయింది. కుక్క తిరిగొచ్చింది కూడా.

అందుకే ఇల్లంతా ఒకసారి చూడమంటాను. మన తెలుగిళ్లలో నాకు కుక్కకన్నా ముందు కనిపించేవి ఇవి.

పొగ. దోమల చుట్టలు వెంటనే మానేయండి. ఒక్క కాయిల్ కాలితే వచ్చే పీఎం 2.5 సన్నటి కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో తేలింది, చైనా మలేషియాల్లో అమ్మే చుట్టల్ని పరీక్షించారు అందులో. తలుపులు మూసి మంచం కింద పెట్టి పడుకుంటాం మనం. కిటికీలకి మెష్, మంచానికి దోమతెర, ఇంతకన్నా మంచిది లేదు. లిక్విడ్ మెషీన్ వాసన కూడా కొందరు పిల్లలకి పడదు. అగరబత్తి, సాంబ్రాణి, కర్పూరం విషయంలో పెద్దవాళ్లకి చెప్పడం కష్టమని తెలుసు. దీపారాధన నూనె దీపంతో చేసుకోమని, అగరబత్తి బాల్కనీలో తులసి దగ్గర వెలిగించమని చెప్తాను, అత్తగార్లు చాలామంది మనవడి కోసం సంతోషంగా ఒప్పుకున్నారు. తలంటి పోశాక పిల్లల జుట్టుకి సాంబ్రాణి పొగ వేసే అలవాటు ఉంటే అది ఆపేయాలి. భోగి మంటల దగ్గర, దీపావళి రాత్రి బాబుని కిటికీ లోపలే ఉంచి చూపించండి. మిరపకాయల పోపు పెట్టేటప్పుడు, ఆవకాయకి కారం కలిపేటప్పుడు, బాత్రూములో యాసిడ్ పోసేటప్పుడు ఆ పక్కన ఉండనివ్వకండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే బాల్కనీలో తాగినా సరే ఆ వాసన చొక్కాతో లోపలికి వస్తుంది, దీనికి మధ్యేమార్గం లేదు, మానాల్సిందే.

పరుపు. దుమ్ము పురుగులు కంటికి కనపడవు, మన ఒంటి పొట్టు తిని బతుకుతాయి, గాల్లో తేమ 50 శాతం దాటితే బాగా పెరుగుతాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఏడాది పొడుగునా వాటికి పండగే, హైదరాబాద్‌లో వానాకాలం నుంచి ఎక్కువ. దూది పరుపుని ఎండలో వేయడం మంచిదే, ఆరుతుంది, కొన్ని చస్తాయి, కానీ చచ్చిన పురుగులూ వాటి రెట్టలూ లోపలే ఉంటాయి, ఎలర్జీ తెప్పించేది ముఖ్యంగా ఆ రెట్టలే. కర్రతో బాదితే అవి గాల్లోకి లేస్తాయి, బాబు ఇంట్లో లేనప్పుడు బయటే బాదండి. పరుపుకీ దిండుకీ చుట్టూ జిప్పు ఉండే ఎలర్జీ కవర్లు వేయండి. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో, ఫ్రంట్ లోడ్ మెషీన్లలో ఆ సెట్టింగ్ ఉంటుంది. మెత్తటి బొమ్మలు ఒకటీ రెండూ ఉంచి మిగతావి తీసేయండి, ఉంచినవాటిని కవర్లో చుట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత ఉతకండి. కవర్లు ఒక్కటే కొని ఊరుకుంటే పెద్ద తేడా రాదు, ఇవన్నీ కలిపి చేస్తేనే.

బూజు దులపడం. సంక్రాంతికి ముందు వారం మా ఓపీ నిండిపోతుంది. అటక మీద సామాన్లు దించడం, ఏడాది పాత దుప్పట్లు విదిలించడం, గోడలకి సున్నమో పెయింటో, మధ్యలో పిల్లలు ఆ దుమ్ములోనే ఆడుకుంటుంటారు. ఆ రెండు రోజులు బాబుని అమ్మమ్మ ఇంటికి పంపండి. మామూలు రోజుల్లో కూడా చీపురుతో పొడిగా ఊడ్చేబదులు తడి గుడ్డ పెట్టించండి, ఫ్యాన్ రెక్కలు ఆపి తడిగుడ్డతో తుడవాలి. కూలర్ గడ్డి ఏటా మార్చాలి, పాత గడ్డిలో బూజు పడుతుంది. ఏసీ ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగండి.

బొద్దింకలు. ఫ్లాట్లలో వీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ ఎలర్జీ టెస్ట్‌లో తరచుగా పాజిటివ్ వచ్చేవాటిలో ఇదొకటి. స్ప్రే కొడితే ఆ వాసనకే ఆయాసం వస్తుంది, జెల్ చుక్కలు పెట్టించండి, రాత్రి ఎంగిలి గిన్నెలు సింక్‌లో ఉంచకండి, సిలిండర్ వెనక చూడండి. బట్టల బీరువాలో కలరా ఉండలు ఉంటే తీసేయండి.

ఇక జలుబు. పిల్లల్లో ఆస్తమా అటాక్ తెచ్చేవాటిలో ముందు వరసలో ఉండేది వైరస్ జలుబే. చలికాలంలో ఎక్కువైందంటే కుక్కతోపాటు దీన్నీ గుర్తుపెట్టుకోవాలి. ఏడాదికోసారి ఫ్లూ టీకా వేయించండి.

మూడు నెలలు కుక్క ఇంట్లో ఉన్నన్నాళ్లు ఏం చేయాలో చెప్తాను. పడకగది తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి, పగలు కూడా, ఎందుకంటే అది పగలు దిండు మీద పడుకుని లేచి వెళ్లినా రాత్రి బాబు ముక్కు ఆ దిండు మీదే ఉంటుంది. సోఫా మీదకి ఎక్కనివ్వకండి, గుడ్డ సోఫా అయితే మరీ. దువ్వడం, స్నానం బాబు చేయకూడదు, మీరో మీవారో బాల్కనీలో చేయండి. వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తే ఎలర్జెన్ తగ్గుతుంది, మూడు నాలుగు రోజుల్లో మళ్లీ మామూలుకొస్తుంది, అందుకే వారానికోసారి చాలదు. అన్నిసార్లు షాంపూ వేస్తే కుక్క చర్మం పొడిబారి ఇంకా పొట్టు రాలుతుంది కాబట్టి పశువుల డాక్టర్‌ని అడిగి సున్నితమైనది తీసుకోండి. బాబు దాన్ని ఎత్తుకుంటే చేతులూ ముఖమూ కడుక్కుని చొక్కా మార్చుకోవాలి, ముఖం నాకించుకోవడం వద్దు. అది పడుకునే గుడ్డ వారం వారం ఉతకండి. బయట తిప్పి తెచ్చాక తడిగుడ్డతో ఒళ్లు తుడవండి, ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ విరగబూసి ఉంటుంది, ఆ పుప్పొడి దాని బొచ్చుకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫైయర్ కొనగలిగితే బాబు గదిలో తలుపులు మూసి పెట్టండి, పొగకీ కుక్క ఎలర్జెన్‌కీ కొంత పనిచేస్తుంది, పరుపులో పురుగులకి పనిచేయదు. ఓజోన్ వదిలే రకం కొనకండి.

నిజం చెప్పాలంటే ఇవన్నీ చేసినా, కుక్క ఎలర్జీ గట్టిగా ఉన్న పిల్లాడికి కుక్క ఇంట్లో లేకపోవడంతో సమానం కాదు. ఇవి సర్దుబాట్లు. కొందరికి సరిపోతాయి, కొందరికి సరిపోవు. దుమ్ము పురుగుల ఎలర్జీకి ఇమ్యునోథెరపీ, అంటే ఆ ఎలర్జెన్‌నే కొద్దికొద్దిగా ఇచ్చి శరీరానికి అలవాటు చేయడం, బాగానే పనిచేస్తుంది, నాలుక కింద చుక్కలో మాత్రో లేదా ఇంజెక్షన్లో, మూడేళ్లపాటు. కుక్క విషయంలో అంత నమ్మకంగా చెప్పలేం, పైగా ఆస్తమా అదుపులోకి వచ్చాకే మొదలుపెట్టాలి.

మీ బాల్కనీలో పావురాలు గూడు పెట్టాయని ఒక ముక్క రాశారు, అది చిన్న విషయం కాదు. సికింద్రాబాద్ నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు, రోజూ డాబా మీద పావురాలకి జొన్నలు వేసేవారు, పుణ్యమని. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, ఆస్తమా అని ఏడాదిపైగా ఇన్‌హేలర్లు వాడారు. సీటీ తీస్తే ఊపిరితిత్తులు వాచి కొంత మచ్చ కట్టడం మొదలైంది. పావురాల రెట్ట, ఈకల పొడి వల్ల వచ్చే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అది, ఆస్తమా కాదు, వదిలేస్తే మచ్చ పడినంత మేరా తిరిగి మామూలవ్వదు. గూడులో పిల్లలు ఎగిరిపోయాక నెట్ కట్టించండి, రెట్టని పొడిగా గీకకుండా మాస్క్ పెట్టుకుని నీళ్లు చల్లి తడిపి తీయించండి, బాబు ఆ పక్కకి రాకూడదు.

తిండి గురించి. పెరుగు, అరటిపండు, ద్రాక్ష, గుడ్డు అన్నీ మాన్పించానన్నారు. ఫలానాది తిన్న కాసేపట్లో దద్దుర్లో వాంతులో ఆయాసమో వస్తే తప్ప మానాల్సిన పని లేదు, ఎదిగే పిల్లాడు, పెట్టండి. వందల రకాల తిండి పదార్థాలకి ఒకే రక్తపరీక్ష అని అమ్మే ఐజీజీ (ఇది ఐజీఈ కాదు, వేరే రకం యాంటీబాడీ) ప్యానెళ్లకి డబ్బు తగలేయకండి, ఐజీజీ ఉందంటే ఆ పదార్థం తిన్నాడని అర్థం, అంతే.

చేపమందు. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చటి ముద్ద పెట్టి మింగిస్తారు, ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వస్తారు, నమ్మకంతో వచ్చేవాళ్లని నేను ఎప్పుడూ కించపరచను. కానీ అది ఆస్తమాని తగ్గిస్తుందని పద్ధతిగా చేసిన పరీక్షల్లో తేలలేదు. చిన్నపిల్లాడికి, అందులోనూ దగ్గు ఉన్నవాడికి, బతికున్న చేపని మింగించడం గొంతుకి అడ్డం పడే ప్రమాదం, ఆ రద్దీలో దుమ్ములో గంటలు నిలబడటం ఇంకోటి. నా సలహా వద్దనే. ఇంట్లోవాళ్లు తీసుకెళ్లి తీరతామంటే ఆ ముందూ వెనకా ఇన్‌హేలర్ ఒక్కరోజు కూడా ఆపొద్దు, బ్లూది జేబులో ఉండాలి. చేపమందు వేయించాం కదా అని మందులు ఆపేసి జూన్ నెలాఖరు వానలకి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇది ఫ్రిజ్ మీద అంటించుకోండి. బాబు డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే, గుక్క తిప్పుకోకుండా ఒక వాక్యం చెప్పలేకపోతుంటే, పెదాలు నీలంగా మారితే, లేదా పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మగతగా ఉంటే ఇంట్లో ఆగే పని లేదు. కూర్చోబెట్టి, బ్లూ ఇన్‌హేలర్ స్పేసర్‌తో ఒక్కో పఫ్ చొప్పున నాలుగు నుంచి ఆరు ఇస్తూ 108కి ఫోన్ చేయండి, ఇరవై నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ అంతే ఇస్తూ దారిలో ఉండండి. మామూలు రోజుల్లో కూడా బ్లూది వారంలో రెండు రోజులకి మించి అవసరమవుతుంటే జబ్బు అదుపులో లేదని అర్థం, డాక్టర్‌ని కలవండి.

చివరికి కుక్కని పంపాల్సి వస్తే, రెండు విషయాలు. పంపిన వారానికే తేడా చూడాలనుకోకండి. సోఫాలో, కర్టెన్లలో, పరుపులో ఎలర్జెన్ నెలల తరబడి ఉంటుంది, పిల్లి విషయంలో అయితే నాలుగైదు నెలలు పట్టొచ్చు. కరీంనగర్‌లో ఒక కుటుంబం పిల్లిని ఊరికి పంపి, నెలకే "తగ్గలేదు, పిల్లి కాదు కారణం" అని వెనక్కి తెచ్చేశారు, రెండోసారి పంపినప్పుడు కర్టెన్లు ఉతికి, సోఫా గుడ్డ మార్చి, ఓపిగ్గా ఆగితే అప్పుడు వాళ్ల పాపకి తగ్గింది. రెండోది, బాబుకి అబద్ధం చెప్పొద్దు, పారిపోయిందనో చచ్చిపోయిందనో అసలు అనొద్దు. "నీ వల్ల పంపాల్సి వచ్చింది" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, అత్తయ్యగారికి ముందే చెప్పి ఉంచండి. మీ చెల్లెలు మియాపూర్‌లో ఉంటారన్నారు కదా, ఆవిడకి వీలైతే అక్కడే ఉంచండి. వారానికోసారి బయట పార్కులో కలిసి ఆడుకోనివ్వండి, ఆరుబయట కాసేపు కలిస్తే చాలామంది పిల్లలకి ఇబ్బంది ఉండదు, ఇంటికొచ్చాక స్నానం చేయించి బట్టలు మార్చితే సరిపోతుంది.